హనుమక్కకు తగలని దెబ్బ

ఆ ఏడాదంతా రాయచెర్లులో హనుమక్క నెమ్మదిగా కూర్చుని ఉండగా చూసినవాళ్లు లేరు. సంగటి కంచం చేతిలో పట్టుకుని నిలబడే తినేది, అది కూడా గోడకు వీపు ఆనించి. ఊడ్చిన వాకిలినే మళ్లీ ఊడ్చేది. నిండు బిందెను పారబోసి మళ్లీ కొళాయి దగ్గరికి పోయేది. వీధిలో బైకు ఆగితే తలుపు దగ్గరికి వచ్చేది, కుక్క మొరిగితే పెరట్లోకి పరుగెత్తేది. తలుపుకు వీపు పెట్టి కూర్చోమంటే మాత్రం ఎవరి మాటా వినేది కాదు.

ఒంటి మీద చూస్తే గాయం లేదు. మోచేతికి ముళ్లకంప గీరుకున్న గీత ఒకటి ఉండేది, అదీ వారంలో మానిపోయింది. అందుకే వచ్చిన ప్రతివాళ్లూ ఒకటే మాట అన్నారు.

"నీకేం కాలేదు కదమ్మా. దేవుడు సల్లగా చూసినాడు."

ఆ మాట విన్నప్పుడల్లా హనుమక్కకు ఒళ్లు మండిపోయేది. ఎవరి మీద మంటో తనకే తెలిసేది కాదు.

ఆమెకు అప్పుడు నలభై నాలుగేళ్లు. పెళ్లై ఈ ఊరికి వచ్చిన నెలకే చేతికి కట్టె ఇచ్చి గొర్రెల వెంట నడిపించింది తోడికోడలు వెంకటక్క. భర్త ఈరయ్యకు అన్న భార్య ఆమె. హనుమక్క కంటే పదేళ్లు పెద్దది. అన్న పోయాక వెంకటక్క కొడుకు శశి దగ్గర వేరే ఇంట్లో ఉంటున్నా, పొద్దున్నే రెండు మందలూ కలిపి తోలుకుపోవడం మాత్రం మానలేదు. ఇరవై ఏళ్లకు పైగా ఆ ఇద్దరు ఆడవాళ్లు ఒకే ఎండలో నడిచారు. గొర్రె ఏ చెట్టు కింద ఈనిందో, ఏ మేక ఏ ఆకు తిని కడుపు ఉబ్బించుకుందో ఇద్దరికీ కలిపి ఒకే జ్ఞాపకం.

పొలాల మీద సోలార్ ప్లేట్లు పరుచుకున్నాక మేత జాగాకు కంచె పడింది. ఊళ్లో చాలామందికి అది మేలే చేసింది. ఈరయ్య కూడా గేటు దగ్గర కాపలా పనికి కుదురుకున్నాడు. కానీ గొర్రెలు కంచె చూసి ఆకలి మానుకోవు. కంచె పక్కన సందులో నడిపించి, ప్లేట్లు అయిపోయే దాకా పోయి, ఆపైన రాళ్ల గుట్ట ఎక్కించాలి. గుట్టలో ఎలుగుబంట్లు ఉన్నాయని అందరికీ తెలుసు. దూరంగా చూడటం, చప్పుడు చేయడం, పక్కకు తప్పుకోవడం అలవాటే.

మూడేళ్ల కిందట సీతాఫలాలు కళ్లు విచ్చే కాలంలో, ఎండ వాలుతున్న వేళ, వెంకటక్క పది అడుగులు ముందు నడుస్తోంది. రెండు బండల మధ్య మేక ఒకటి ఇరుక్కున్నట్టు అరిస్తే వంగి చూసింది. అక్కడ ఉన్నది మేక ఒక్కటే కాదు. పిల్లను వెంటేసుకున్న ఎలుగుబంటి ఆ బండ వెనకనే ఉంది. అది గుర్రుమంటూ లేచి నిలబడటం, వెంకటక్క వెల్లకిలా పడటం, రెండూ ఒక్కసారే జరిగాయి.

హనుమక్క చేతిలో ఆరడుగుల కట్టె ఉంది. కాళ్ల దగ్గర కావలసినన్ని రాళ్లు ఉన్నాయి. ఆమె కదల్లేదు. అరవలేదు. ఎంతసేపు అలా నిలబడిందో తెలియదు. అవతలి వాలులో మంద మేపుతున్న దొడ్డయ్య కుక్కలను ఉసిగొల్పుతూ, ఖాళీ డబ్బా వాయిస్తూ వచ్చి పడ్డాడు. ఎలుగుబంటి పిల్లను తీసుకుని బండల్లోకి పోయింది. అప్పుడు కదిలాయి హనుమక్క కాళ్లు. పరుగున పోయి వెంకటక్క తలను ఒళ్లో పెట్టుకుంది. పావగడ ఆస్పత్రి దాకా ఆటోలో ఆ తలను అలాగే పట్టుకుని కూర్చుంది.

వెంకటక్క బతికింది. పావగడ నుంచి బెంగళూరుకు తీసుకుపోయారు. కుడి కన్ను పోయింది. చెంప, ముక్కు కుట్లు వేసి కూర్చారు. తిరిగి వచ్చాక కొన్నాళ్లు మధుగిరిలో కూతురి దగ్గర ఉండి, వేసవికి ఊరు చేరింది.

ఊరు చేరిన వదినను చూడటానికి ఈరయ్య పోయాడు, తమ కూతురు ధనుశ్రీ పోయింది. హనుమక్క పోలేదు. ఒకరోజు ఒళ్లు వెచ్చగా ఉందంది. ఇంకోరోజు పిండి ఆడించాలంది. వెంకటక్క ఇల్లు మూడు సందుల అవతలే. హనుమక్క పాల డెయిరీకి పోవాలన్నా, అంగడికి పోవాలన్నా ఆ సందు తప్పించి ఊరు చుట్టి పోసాగింది.

మందను దొడ్డయ్యకు అప్పగించేసింది. గుట్ట కనబడే వైపు కిటికీకి గోనెపట్టా కట్టింది. కన్ను మూస్తే చాలు, ఆ గుర్రుమన్న చప్పుడు వచ్చి పడేది. పక్కింట్లో ముసలాయన దగ్గినా అదే. వానకు తడిసిన కంబళి వాసన వస్తే, అది ఎలుగుబంటి ఒంటి వాసనే అనిపించి ముక్కు మూసుకుని బయటికి పోయేది. అన్నిటికంటే విచిత్రం ఏమిటంటే, ఆమెకు అది గుర్తుకు వచ్చినట్టు ఉండేది కాదు. ఇప్పుడే, ఇక్కడే జరుగుతున్నట్టు ఉండేది.

ఈరయ్య మంచివాడే. మొదట ఓపిక పట్టాడు. మెడలో అంత్రం తాయెత్తు కట్టించాడు. దడుపు తియ్యడానికి మూడు వారాలు మంత్రం వేయించాడు. ఆ తర్వాత విసుగు వచ్చింది.

"దెబ్బ తిన్న మనిషి ఆడ సంగటి కెలుకుతాండాది. నీకేమొచ్చినాది? మనసు గట్టి చేసుకో."

"యాడుండాదప్పా మనసు, గట్టి చేసేకి? చూపించు," అని అరిచింది హనుమక్క.

ఒక ఆదివారం ధనుశ్రీ తలంటుకుని, తడి జుట్టు మొహం మీదికి వేసుకుని, వంగి దులుపుకుంటూ వంటింట్లోకి వచ్చింది. నల్లగా, వంగి, తన మీదికి వస్తున్నదాన్ని హనుమక్క చేతిలోని గరిటెతో కొట్టింది. రెండో దెబ్బ వేశాక కూతురి గొంతు వినబడింది. పిల్ల భుజం వాచింది. "ఏం కాలేదులేమ్మా," అంది పిల్ల ఏడుపు ఆపుకుంటూ. ఆ మాటతో హనుమక్క పెరట్లోకి పోయి వాంతి చేసుకుంది.

ఇంట్లో ఉంటే ఇలాంటిదే ఇంకేదో జరుగుతుందని భయపడి పనికి బయలుదేరింది. క్యాతగానచెర్లు వైపు ప్లేట్ల కింద గడ్డి కోయడానికి ఆడవాళ్లను బండిలో తీసుకుపోతున్నారు. అక్కడ గుట్ట లేదు, పొద లేదు. కనుచూపు మేర వరసలు వరసలుగా ప్లేట్లు. ఇక్కడేం దాక్కుంటుంది అనుకుంది. పని కూడా వేగంగా చేసేది. మిగతావాళ్లు ఒక వరస కోసేలోపు రెండు వరసలు కోసేది. కూర్చోవడం ఇష్టం లేనివాళ్లకు అది మంచి పనే.

తొమ్మిదో రోజో పదో రోజో, ప్లేట్ల నీడలోంచి ఎవరో నల్లటి టార్పాలిన్ పట్టాను బరబరా లాగారు. హనుమక్క కొడవలి పారేసి పరుగెత్తింది. ఎటు పోతున్నదో చూడలేదు. కంచె తగిలాక కూడా ఆగలేదు. ముళ్లతీగను రెండు చేతులతో పట్టుకుని ఎక్కబోయింది. నలుగురు పట్టుకుని వెనక్కి లాగితే గానీ వదల్లేదు. అరచేతులు చీరుకుపోయాయి. మేస్త్రీ ఆమెను ఇంటికి పంపేశాడు. రేపటి నుంచి రావద్దని మర్యాదగానే చెప్పాడు.

ఆ చేతులకు కట్టు కట్టింది ఊరి ఆశా కార్యకర్త నేత్రావతి. ముప్పై ఏళ్ల మనిషి, మాట మెత్తన, పట్టు మాత్రం గట్టిది. దూది అద్దుతూ, చేతుల గురించి కాకుండా వేరేది అడిగింది.

"అక్కా, నువ్వు సరిగ్గా నిద్రపోయి ఎన్ని దినాలాయ?"

ఇంతవరకు ఎవరూ అడగని మాట అది. హనుమక్క కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మంగళారం పావగడ ఆస్పత్రికి మనసు డాక్టరమ్మ వస్తాది. నాతో రా."

"నాకేం పిచ్చి పట్టలే."

"పట్టలేదని నాకూ తెలుసు. పట్టినోళ్లను మాత్రమే తోలుకపోతామా? జొరమొస్తే పోమా? ఇదీ అంతే."

"ఊళ్లో అందరికీ తెలుస్తాది."

"చేతి కట్టు మార్పించేకి పోతాండామని చెప్తా. ఇంగేం?"

డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది. కన్నడం, తెలుగు కలిపి మాట్లాడింది. హనుమక్క ఆమె గదిలో కూడా గోడవారగా నిలబడింది. డాక్టరమ్మ కూర్చోమని బలవంతం చేయలేదు. తన కుర్చీనే పక్కకు జరిపి, తలుపు ఇద్దరికీ కనబడేలా చేసింది. అది హనుమక్క గమనించింది. చాలాసేపటికి, ముక్కలు ముక్కలుగా, జరిగింది చెప్పింది. చివరికి కట్టె సంగతి దగ్గరికి వచ్చింది.

"నా చేతిలో కట్టె ఉండె తాయీ. కొట్టలే. అరవను గూడ అరవలే. చూస్తా నిలబడితి."

డాక్టరమ్మ వెంటనే ఓదార్చలేదు. ఒక ప్రశ్న వేసింది. "మీరు ఇన్నేళ్లు మేకలు మేపినారు కదా. మంద మీద తోడేలు పడితే అన్నీ పరుగెత్తుతాయా?"

"లే. కొన్ని పరుగెత్తుతాయి. పొట్టేలు ఉంటే పొడిచేకి పోతాది. కొన్ని ఆడనే కొయ్యబారి నిలబడతాయి."

"నిలబడినదాన్ని మీరు తిడతారా?"

హనుమక్క తల అడ్డంగా ఊపింది. "దానికేం తెలుసు? బెదిరి కాళ్లు బిగుసుకుంటాయి."

"మనిషి ఒళ్లూ అంతేనమ్మా. పారిపోవాలా, కొట్టాలా, బిగుసుకోవాలా అన్నది ఆ క్షణంలో మనల్ని అడిగి చేయదు. మీరు నిలబడాలని అనుకోలేదు. మీ ఒళ్లు నిలబడిపోయింది. ప్రమాదం పోయిందని ఆ ఒంటికి ఇంకా తెలియలేదు. ఇప్పటికీ కాపలా కాస్తానే ఉంది. దానికి నిదానంగా తెలియజెప్పాలి. కొన్నాళ్లు పడుతుంది."

నిద్రకు మాత్రలు రాసింది. భయం వచ్చి పడినప్పుడు కాళ్లు నేలకు గట్టిగా ఆనించి, చుట్టూ కనబడే వస్తువుల పేర్లు పైకి చెప్పమంది. ఊపిరి నిదానంగా వదలమంది. భయపడి తప్పించుకు తిరుగుతున్నవన్నీ చెప్పమని, తేలికైన దాని నుంచి ఒక్కొక్కటే దగ్గరికి పోవాలంది. అన్నిటికంటే కష్టమైనది ఏదని అడిగింది. గుట్ట అంటుందని నేత్రావతి అనుకుంది.

"మా అక్క మొగం," అంది హనుమక్క.

అక్కడి నుంచి అంతా సాఫీగా పోలేదు. మాత్రలతో మొదటి వారం మగతగా ఉండి, ఇవి నాకొద్దని పారేసింది. నేత్రావతి తిట్టి మళ్లీ తెచ్చింది, తర్వాతి మంగళవారం వాటి మోతాదు మార్పించింది. హనుమక్క మొదట కిటికీకి కట్టిన గోనెపట్టా విప్పింది. మూడు రోజులకు మళ్లీ కట్టింది. మళ్లీ విప్పింది. వీధిలో పోతూ పోతూ, "ఇది రాయి, ఇది గేటు, ఇది రంగక్క ఇంటి పందిరి" అని గొణుక్కుంటుంటే కొందరు నవ్వారు. నవ్వనీలే అనుకుంది. ఆ గొణుగుడుతో గుండె దడ కాస్త దిగేది. ధనుశ్రీకి మాత్రం అన్నీ చెప్పింది. పిల్ల ఆ రోజు నుంచి వంటింట్లోకి వచ్చేముందు, "అమ్మా, నేను వస్తాండా," అని కేకేసి వచ్చేది.

వెంకటక్క సందు మొదటికి నాలుగుసార్లు పోయి, నాలుగుసార్లు వెనక్కి వచ్చింది. ఐదోసారి వెంకటక్క కోడలు గీత బయటే కనబడి, "రా పిన్నమ్మా," అంది. ఇక తిరగడానికి లేకపోయింది.

వెంకటక్క వసారాలో కూర్చుని విత్తనానికి చెనక్కాయలు వొలుస్తోంది. ఆ మొహాన్ని హనుమక్క చూసింది. కుట్లు మానిన చోట చర్మం ముడతపడి, పెదవి ఒక పక్కకు లాగేసి ఉంది. కాళ్లు వెనక్కి పోతామన్నాయి. చెప్పుల కింద బండ చల్లగా తగులుతోందని మనసులో అనుకుంది. నిలబడింది.

"వచ్చినావా," అంది వెంకటక్క తల ఎత్తకుండానే.

"అక్కా, ఆ దినం నా చేతిలో కట్టె ఉండె. నేను..."

"తెలుసు."

వెంకటక్క ఇప్పుడు తల ఎత్తింది.

"తెలుసుమే. అది నా మింద ఉండంగా నేను నిన్ను చూస్తాండా. కట్టె పట్టుకోని కొయ్య మాదిరి నిలబడిండావు. పరుగెత్తుమే, పో అని అరవాలనుకుంటి. నోరు లేకపాయ నాకు. నీ మింద గూడ పడితే ఇద్దరం పోతాము, మందను తోలుకపోయేకి ఒకరు గూడ మిగలరు అనుకుంటి." వెంకటక్క చేతిలోని కాయను చిట్లించి గింజలు చాటలో వేసింది. "దానికి నాకు కోపం లే."

హనుమక్క స్తంభానికి చెయ్యి ఆనించింది.

"నాకు కోపం దేనికంటే, ఎలుగ్గొడ్డు నా తావ ఉండింది రెండు నిమిషాలు. నువ్వు రాకుండా ఉండింది పది నెలలు. ధనుశ్రీ వచ్చినాది, ఈరయ్య వచ్చినాడు, మాట్లాడనోళ్లు గూడ వచ్చి మొగం చూసి పోయినారు. మధుగిరిలో ఉన్నన్ని దినాలు వాకిలి చూస్తాంటి. ఈడికొచ్చినాంక ఆ సందులో నీ చెప్పుల చప్పుడు వినబడి తిరిగి పోతాంటే, నా మొగం అంత అసింకంగా ఉండాదా అనుకుంటి. ఇరవై ఏండ్లు నా ఎనకాలే నడిచినదానివి!"

హనుమక్క ఏడ్చింది. వెంకటక్క ఏడ్వలేదు. ఒక కంటికి ఇప్పుడు నీళ్లు రావు, రెండో కంటికి ఇష్టం లేదు. కాసేపటికి చాట ఇటు తోసింది. "వొలుచు. ఊరికే నిలబడొద్దు."

ఆ మరుసటి రోజు నుంచి హనుమక్క రోజూ పోసాగింది. అంటే వాళ్లిద్దరూ మునుపటిలా అయిపోయారని కాదు. ఒకరోజు అద్దం చూసుకున్న వెంకటక్క ఉన్నట్టుండి, "నీ మొగం బాగుండాదిలే, నువ్వు ఇంటికి పో," అని గద్దించింది. హనుమక్క పోయింది. మర్నాడు మళ్లీ వచ్చింది. ఇంకో రోజు గీత చేతి నుంచి గిన్నె జారిపడితే హనుమక్క ఎగిరి వాకిట్లోకి దూకింది. వెంకటక్క కూడా దూకినంత పని చేసింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ రోజు తెలిసింది హనుమక్కకు, వెంకటక్క కూడా నిద్రపోవడం లేదని. దెబ్బలు కనబడుతున్నాయి కాబట్టి అందరూ వాటినే అడిగారు. లోపలిది ఆమెనూ ఎవరూ అడగలేదు. తర్వాతి మంగళవారం పావగడ ఆటోలో ముగ్గురు ఎక్కారు. నేత్రావతి మధ్యలో కూర్చుంది.

ఒక మధ్యాహ్నం మాటల మధ్యలో హనుమక్క వసారా బండ మీద ఒరిగి నిద్రపోయింది. తలుపుకు వీపు పెట్టి. పట్టపగలు. శశి బైకు వేసుకుని వస్తుంటే వెంకటక్క సందు మొదటికే ఎదురు పోయి ఆపింది.

"ఆడనే ఆపు బండి. తోసుకోని రా. మీ పిన్నమ్మ పండుకోనుండాది."

రెండు గంటలు పడుకుంది. లేచాక ఎక్కడ ఉన్నదో తెలియక చుట్టూ చూసి, తెలిశాక సిగ్గుపడింది. 

మందను మళ్లీ తీసుకోవడానికి ఇంకో ఏడాది పట్టింది. ముందు కంచె చివరి దాకా, తర్వాత గుట్ట కింద పల్లం దాకా, దొడ్డయ్య వెంట ఊరికే నడిచింది. దొడ్డయ్య ఏమీ అడిగే మనిషి కాదు. ఆమె ఆగితే ఆయన ఆగి బీడీ ముట్టించేవాడు, ఆమె నడిస్తే నడిచేవాడు. ఇప్పుడు రాయచెర్లు నుంచి గుట్టకు ఎవరూ ఒంటరిగా పోరు. ముగ్గురు కలిసి, డబ్బా వాయించుకుంటూ పోవాలని పంచాయితీ కట్ట మీద గట్టిగా మాట్లాడి ఒప్పించింది హనుమక్కే. కంచె పక్కన మేతకు ఇంకాస్త సందు వదలమని, అరణ్య ఇలాఖె అటవీ అధికారులకు, సోలార్ పార్కు వాళ్లకు అర్జీ రాయించింది కూడా ఆమే. జవాబు ఇంకా రాలేదు. తాలూకాఫీసుకు వారానికి ఒకసారి పోయి అడిగి వస్తుంది. అక్కడ కుర్చీ చూపించినా నిలబడే మాట్లాడుతుంది.

అంతా నయమైపోయిందని ఆమె ఎవరికీ చెప్పదు. ఎప్పుడైనా తడి కంబళి వాసన తగిలితే ఆ పూట అన్నం సహించదు. కొన్ని పొద్దుల్లో మంద విప్పబోయి ఆగి, "ఈ దినం నాకు కాదు, మీరు పోండప్పా," అని చెప్పేస్తుంది. అలా చెప్పడం నేర్చుకోవడానికే అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టిందని నేత్రావతితో అంది.

పోయిన శుక్రవారం అలాంటి పొద్దే. కంచె మలుపు దాకా పోయి వెనక్కి వచ్చింది. వెంకటక్క అంగడికి బయలుదేరుతూ వాకిట్లో ఎదురైంది.

"ఏమ్మే, తిరిగొచ్చినావే?"

"కాళ్లు రాలేదక్కా."

"సరే పద. రేషన్ తెచ్చుకునేది ఉండాది. సంచి పట్టుకో."

ఇద్దరూ పెద్దవీధిలో నడిచారు. వెంకటక్క ఇప్పుడు కొంగు మొహం మీదికి లాక్కోవడం మానేసింది. ఎదురుగా వస్తున్న కొత్త కూలీలు ఇద్దరు ఆమెను చూసి చూపు తిప్పుకున్నారు. ఆమె వాళ్లను తేరిపార చూసి, ఏ ఊరని అడిగి, జవాబు వచ్చేదాకా కదల్లేదు. హనుమక్క రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది, మూడోసారి కూడా చూసింది.

"ఏం చూస్తాండావు?"

"ఏం లే."

"చూడు చూడు. చూస్తానే నడువు. అంగడి మూస్తాడు."